జైలు నుంచి ఇంటికి వచ్చిన మనిషికి మొదటి నెలల్లో ఏమేం చూసుకోవాలి

జైలు నుంచి మనిషి వస్తున్నాడంటే ఇంట్లోవాళ్లు ముందు కొత్త లుంగీ, చొక్కా కొంటారు. కొందరు గేటు దగ్గర నుంచే కొండకు తీసుకెళ్లి గుండు కొట్టించే ఏర్పాట్లు చేస్తారు. మొక్కు ఉంటే తీర్చుకోండి. నన్నడిగితే మాత్రం అన్నిటికంటే ముందు ఒక సిమ్ కార్డు సంగతి చూడమంటాను.

నాది చిత్తూరులో, కోర్టుకు దగ్గర్లో చిన్న జిరాక్స్ షాపు. టైపింగ్ చేస్తాను, అర్జీలు రాస్తాను, ఆన్‌లైన్ అప్లికేషన్లు పెడతాను. వాయిదాలకు వచ్చేవాళ్లు, జామీను కాగితాలకు వచ్చేవాళ్లు, బయటికొచ్చాక ఆధార్ పోయిందని వచ్చేవాళ్లు అందరూ నా బల్ల ముందు నిలబడేవాళ్లే. మా పెద్దమ్మ కొడుకు కూడా కడప సెంట్రల్ జైల్లో శిక్ష పూర్తి చేసుకుని వచ్చాడు. నేను లాయర్ని కాదు. ఆ అన్నతో ఆఫీసుల చుట్టూ తిరిగి తెలుసుకున్నదీ, షాపులో రోజూ చూసేదీ కలిపి రాస్తున్నాను. ఇది ఎక్కువగా ఇంట్లోవాళ్ల కోసం. వచ్చిన మనిషికి మొదటి రోజుల్లో ఇవన్నీ చదివే ఓపిక ఉండదు.

గేటు దగ్గర

బెయిల్ మీద వస్తుంటే కోర్టు ఉత్తర్వు, జామీను కాగితాలు జైలుకు చేరాలి. లాకప్ వేళ దాటాక చేరితే ఆ రాత్రికి వదలరు, తెల్లారే వదులుతారు. కాబట్టి చంటిపిల్లల్ని, ముసలివాళ్లని గేటు ముందు రాత్రిదాకా కూర్చోబెట్టకండి. ఇద్దరు వెళ్తే చాలు.

లోపలికి పోయేటప్పుడు రాసుకున్న వాచీ, పర్సు, ఉంగరం, డబ్బు తిరిగి ఇస్తారు. రిజిస్టర్లో సంతకం పెట్టకముందే లెక్క చూసుకోమనండి. పర్సులో పాత రెండువేల నోటు కనిపిస్తే చించి పారేయకండి. 2023లో వాటిని వెనక్కి తీసుకున్నారు, కొట్లలో ఎవరూ తీసుకోరు, కానీ రిజర్వ్ బ్యాంకు ఆఫీసుకు పోస్టులో పంపి ఖాతాలో వేయించుకునే దారి ఉంది.

లోపల చేసిన పనికి రావలసిన కూలి ఎంత, అది చేతికిస్తారా, ఖాతాలో వేస్తారా అని అడగాలి. మందులు వాడుతుంటే డాక్టరు చీటీ తీసుకోవాలి. లోపల వెల్డింగో, కుట్టుపనో, వడ్రంగమో నేర్చుకుని ఉంటే దాని సర్టిఫికెట్, ఓపెన్ యూనివర్సిటీ పరీక్షలు రాసి ఉంటే ఆ కాగితాలు అప్పుడే అడగాలి. శిక్ష పూర్తయినవాళ్లు విడుదల సర్టిఫికెట్ లేకుండా బయటికి రాకూడదు. ఏదైనా మర్చిపోతే మళ్లీ పీలేరు, రాయచోటి మీదుగా కడప దాకా బస్సెక్కాలి. ఒక రోజు కూలి, చార్జీలు పోతాయి.

ఆ విడుదల సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించకండి. లామినేషన్ మిషన్ నా షాపులోనే ఉంది, అయినా చెప్తున్నాను. తర్వాత ఎవరైనా వెనక ముద్ర వేయాలన్నా, సంతకం పెట్టాలన్నా కుదరదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నాలుగు జిరాక్సులు తీసుకుని, ఫోన్‌లో ఫోటో ఉంచుకుంటే సరిపోతుంది.

నంబరు, ఆ తర్వాతే మిగతావి

మూడు నెలలు వాడకపోతే సిమ్‌ను కంపెనీ ఆపేస్తుంది. కొన్నాళ్లకు అదే నంబరు ఇంకెవరికో ఇస్తుంది. ఇటు ఆధార్‌లో, బ్యాంకులో, గ్యాస్ బుక్‌లో అంతా ఆ పాత నంబరే ఉంటుంది. నా దగ్గరికి వచ్చి "అమ్మణ్ణీ, ఆన్‌లైన్‌లో కొట్టు" అంటారు. కొడితే ఓటీపీ పంపామని తెర మీద వస్తుంది. అది ఏ ఊళ్లో, ఎవరి ఫోన్‌కు పోయిందో దేవుడికే తెలియాలి. పని అక్కడే ఆగిపోతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రేషన్ దగ్గర నుంచి పాస్‌పోర్ట్ దాకా మనుషులు ఇరుక్కునేది ఈ ఒక్క చోటే.

వరుస ఇలా పెట్టుకోండి. ఆధార్ నంబరు తెలిస్తే చాలు, వేలిముద్రతో కొత్త సిమ్ ఇస్తారు. కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యాక ఆధార్ కేంద్రానికి మనిషినే తీసుకెళ్లాలి. పోస్టాఫీసుల్లో, కొన్ని బ్యాంకుల్లో, కొన్ని గ్రామ, వార్డు సచివాలయాల్లో ఆధార్ కౌంటర్లు ఉన్నాయి. నంబరు మార్చడానికి వేరే కాగితం ఏదీ అవసరం లేదు, వేలిముద్ర వేసి, చిన్న ఫీజు కడితే చాలు. బరువు పనులు చేసి వేళ్లు అరిగిపోయి ఉంటే కంటిపాపతో చేయమని అడగండి. చాలామంది తొందరలో భార్య నంబరో తమ్ముడి నంబరో ఎక్కించేస్తారు. వద్దు. రేపు వాళ్లతో మాటలు లేకపోతే ఓటీపీ కోసం వాళ్ల గడప తొక్కాల్సి వస్తుంది.

ఆధార్‌లో నంబరు మారాక బ్యాంకుకు వెళ్లండి. రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోయినట్టు లెక్క. కేవైసీ కాగితాలు మళ్లీ ఇస్తే లేపుతారు, దానికి ఫీజు తీసుకోకూడదు. తర్వాత సచివాలయం. రైస్ కార్డులో పేరు ఉందా, ఈకేవైసీ ఆగిపోయిందా చూడమనండి. ఉపాధి హామీ జాబ్ కార్డు ఉన్నవాళ్లు ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడగాలి.

2022 ఏప్రిల్ 4 కంటే ముందు లోపలికి వెళ్లినవాళ్లకు ఇంకో తిరకాసు ఉంది. అప్పటికి శ్రీకాళహస్తి, పుత్తూరు వైపంతా చిత్తూరు జిల్లానే. ఆరోజు జిల్లాలు విడిపోయాయి. ఆధార్‌లో చిత్తూరు అని ఉంటుంది, కలెక్టరేట్ మాత్రం ఇప్పుడు తిరుపతిలో ఉంటుంది. పాత అలవాటుతో అర్జీ పట్టుకుని చిత్తూరు కలెక్టరేట్‌కు వచ్చి, సాయంత్రందాకా కూర్చుని, "ఇది మీ జిల్లా కాదు" అనిపించుకుని వెళ్లినవాళ్లు ఉన్నారు. ఏ కాగితమైనా మొదలుపెట్టే ముందు మీ మండలం ఇప్పుడు ఏ జిల్లా కిందకు వస్తుందో సచివాలయంలో అడగండి.

డ్రైవర్లయితే లైసెన్స్ తేదీ చూడండి. గడువు దాటి ఏడాదిలోపు ఉంటే రెన్యువల్ అవుతుంది. ఏడాది దాటితే మళ్లీ టెస్ట్ పాసవ్వాలి. జైల్లో ఉన్నానంటే ఆ లెక్క మారదు.

బయటికి రావడం అంటే కేసు అయిపోయిందని కాదు

ఎక్కువగా మూడు రకాలుగా మనుషులు బయటికొస్తారు: బెయిల్ మీద, కేసు కొట్టేసినందువల్ల, శిక్ష పూర్తయినందువల్ల. ఇంట్లోవాళ్లు మూడింటినీ ఒకటే అనుకుంటారు, ఇబ్బందంతా అక్కడే వస్తుంది.

బెయిల్ అయితే వాయిదాలు ఉంటాయి. స్టేషన్లో సంతకాలు ఉండొచ్చు, ఊరు దాటకూడదన్న షరతు ఉండొచ్చు. ఉత్తర్వును లాయరు నోటి నుంచి వినడం కాకుండా కాపీ తీసుకుని చదివించుకోండి. ఒక వాయిదాకు పోలేకపోతే లాయరుతో గైర్హాజరు పిటిషన్ వేయించాలి. సీఆర్పీసీ పోయి బీఎన్ఎస్ఎస్ అనే కొత్త చట్టం వచ్చినా కోర్టులో అందరూ ఇంకా దాన్ని పాత సెక్షన్ పేరుతో 317 అనే పిలుస్తారు. అదీ వేయకపోతే నాన్ బెయిలబుల్ వారెంట్ వస్తుంది. వచ్చిందని తెలిస్తే దాక్కోవద్దు, వారెంట్ వెనక్కి తీసుకోమనే రీకాల్ పిటిషన్‌తో తనంతట తానే కోర్టుకు పోతే న్యాయమూర్తి చూసే తీరు వేరుగా ఉంటుంది.

జామీను ఇచ్చినవాళ్లను మొదటి వారంలోనే వెళ్లి కలవండి. వాళ్లు పట్టాదారు పాస్‌బుక్కో, ఇంటిపన్ను రసీదో పెట్టి సంతకం చేశారు. మనవాడు కనబడకుండా పోతే కోర్టు వాళ్ల మీద పడుతుంది. కొత్త ఫోన్ నంబరు వాళ్లకు ఇస్తే వాళ్లకూ నిద్ర పడుతుంది.

కేసు కొట్టేస్తే తీర్పు సర్టిఫైడ్ కాపీకి వెంటనే అప్లికేషన్ పెట్టండి. పదేళ్ల తర్వాత ఉద్యోగానికో, పాస్‌పోర్ట్‌కో అదే దిక్కు. శిక్ష పడినవాళ్లు బయటికొచ్చారని అప్పీలు వదిలేయకండి. సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు 60 రోజులు, మేజిస్ట్రేట్ తీర్పు మీద సెషన్స్‌కు 30 రోజులు గడువు. దాటిపోయినా ఆలస్యానికి కారణం చూపి అడగొచ్చు.

పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కింద వెళ్లొచ్చినవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆ నిర్బంధం గరిష్ఠంగా ఏడాది, దానికి విచారణ ఉండదు. అది ముగిసినంత మాత్రాన కింద ఉన్న అసలు కేసులు ముగిసినట్టు కాదు. ఎర్రచందనం కేసుల్లో ఒకే మనిషి మీద వేర్వేరు స్టేషన్లలో కేసులుంటాయి. ఒకదానిలో బెయిల్ వచ్చిందని ఇంటికొస్తే ఇంకోదానిలో వాయిదా తప్పిపోయి ఉంటుంది. ఫోన్‌లో ఈకోర్ట్స్ యాప్ పెట్టుకుని పేరుతో, కేసు నంబరుతో వెతికి, అన్నిటి వాయిదాలూ ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోండి. పాల లెక్కలు రాసుకునే క్యాలెండర్ అయినా పర్వాలేదు.

లాయరుకు డబ్బు లేకపోతే చిత్తూరు కోర్టులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గానీ, తిరుపతి కోర్టులోని మండల కమిటీకి గానీ వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. 15100కు ఫోన్ చేసినా చెప్తారు.

ఇంట్లో

జైల్లో రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎవరో తలుపు తీస్తే బయటికి, ఎవరో లెక్కపెడితే లోపలికి. అందుకే వచ్చిన మనిషి చీకట్లో నిద్రపోలేడు. తెల్లారకముందే లేచి కూర్చుంటాడు. మూసిన తలుపు ముందు ఎవరైనా తీస్తారేమో అన్నట్టు నిలబడతాడు. సంగటి ముద్ద, ఊరిబిండి ఇష్టమని చేసిపెడితే నాలుగు నిమిషాల్లో మింగేసి లేచిపోతాడు. "ఇంత చేసిపెడితే ఒక మాటైనా అనలేదు" అని మా పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. లోపల తినే వేగం అది, పెద్దమ్మ వంటతో దానికి సంబంధం లేదు. లైటు వేసుకోనివ్వండి. సినిమాకనీ, పెళ్లికనీ లాక్కుపోకండి. చూడటానికి వచ్చే చుట్టాలను మొదటి వారం ఒకరిద్దరికి మించి రానివ్వకండి. వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "లోపల కొడతారా?" అని. దానికి ఆయన జవాబు చెప్పాల్సిన అవసరం లేదు, మీరే మాట మార్చండి.

అసలు గొడవ డబ్బు దగ్గర మొదలవుతుంది. ఆయన లేనన్నాళ్లూ ఇల్లు నడిపింది భార్య. డ్వాక్రా అప్పు తీసుకుంది, నగలు తాకట్టు పెట్టి లాయరు ఫీజు కట్టింది, ఆవును కొనింది లేదా అమ్మింది. అత్తతో, ఆడబిడ్డతో, అప్పులవాళ్లతో మాటలు పడింది. ఇప్పుడు ఆయన వచ్చి, మగవాణ్ని నేనున్నాను కదా అని ఏటీఎం కార్డు అడుగుతాడు. నా సలహా అయితే ఒకటే: కార్డు ఆమె దగ్గరే ఉండాలి. కనీసం ఆరు నెలలు. ఆయన చేతి ఖర్చుకు వారానికింత అని ముందే అనుకోండి, బీడీకి కూడా చెయ్యి చాచి అడిగే పరిస్థితి పెట్టకండి. అప్పులన్నీ ఒక కాగితం మీద ఇద్దరూ కూర్చుని రాయండి. ఎవరికెంత, వడ్డీ ఎంత, తాకట్టు గడువు ఎప్పుడు. ఈ కాగితం రాసేటప్పుడు ఆయనకు తలకొట్టేసినట్టు ఉంటుంది. అయినా రాయాలి, లేకపోతే ఎవరో ఒక అప్పులవాడు వీధిలో నిలబడి చెప్తాడు.

ఇక పిల్లలు. మా వైపు నాన్న జైల్లో ఉంటే పిల్లలకు చెప్పే మాట "కువైట్ పోయినాడు". పీలేరు, రాయచోటి పక్క ప్రతి వీధిలో గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి ఆ మాట అతికినట్టు సరిపోతుంది. చిక్కు మనిషి తిరిగొచ్చినప్పుడు. కువైట్ నుంచి వచ్చేవాళ్లు తాళ్లు కట్టిన అట్టపెట్టెలతో, సెంటు సీసాలతో, చాక్లెట్లతో, బొచ్చు దుప్పట్లతో దిగుతారు. ఈయన ఒక గుడ్డసంచితో దిగుతాడు. ఎనిమిదేళ్ల పిల్ల కూడా ఆ తేడా పట్టేస్తుంది. పైగా బడిలో పక్క బెంచీ పిల్లకు వాళ్లమ్మ ఎప్పుడో చెప్పేసి ఉంటుంది. మీ పిల్లకు నిజం తెలుసు, తనకు తెలిసిన సంగతి మీకు తెలియదని అనుకుంటూ ఉంటుంది, అంతే.

అందుకని మొదటి వారంలోనే ఆ కువైట్ కథ ముగించండి. చెప్పాల్సింది తండ్రే, తల్లి పక్కన ఉండాలి. కేసు వివరాలు అక్కర్లేదు. "నేను కువైట్‌లో లేను, జైల్లో ఉన్నా. నీకు చెప్పకపోవడం మా తప్పు, నీది కాదు. ఏమన్నా అడగాలనుకుంటే నన్నే అడుగు." ఇంత చాలు. వెంటనే అడగరు. రెండు వారాల తర్వాత అన్నం తింటూ అడుగుతారు, అప్పుడు కసురుకోకండి. బడిలో క్లాస్ టీచరు ఒక్కరికి చెప్పి ఉంచండి. పిల్లలు అమ్మమ్మగారింట్లో ఉండి చదువుకుంటుంటే ఆయన వచ్చాడని సంవత్సరం మధ్యలో బడి మాన్పించి తీసుకురాకండి. జూన్ దాకా ఆగండి, శనాదివారాలు ఆయన్నే అక్కడికి పంపండి.

ఆరోగ్యం గురించి క్లుప్తంగా. దగ్గు రెండు వారాలకు మించి ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించండి. లోపలే టీబీ మందులు మొదలై ఉంటే ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా కొనసాగిస్తారు, పోషణకు నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడతాయి. దానికీ బ్యాంకు ఖాతా బతికి ఉండాలి. నిద్ర అసలే లేకపోయినా, బతకాలని లేదనే మాటలు వచ్చినా తిరుపతి రుయాలో మానసిక విభాగం ఓపీ ఉంది. బయటికి రాలేనివాళ్లు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మొదటి సాయంత్రం బాటిల్ పట్టుకుని వచ్చే ఫ్రెండ్స్‌ను గడప దగ్గరే ఆపే పని తల్లిది కాదు, భార్యది కాదు. ఇంట్లో మగవాళ్లెవరైనా చేయాలి.

పని

పోలీస్ వెరిఫికేషన్ అడిగే చోట మొదలుపెడితే మనసు విరుగుతుంది. శ్రీసిటీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో, కొండ మీద కాంట్రాక్టు పనుల్లో అది అడుగుతారు. మొదటి పని తెలిసినవాళ్ల ద్వారానే దొరుకుతుంది. మామిడి కాలంలో వచ్చినవాళ్లు అదృష్టవంతులు. తోతాపురి దిగే రోజుల్లో గుజ్జు ఫ్యాక్టరీలకు, బంగారుపాళెం, దామలచెరువు మండీలకు మనుషులు చాలరు. అక్కడ మూట ఎత్తగలవా అని చూస్తారు గానీ గతం అడగరు. కాకపోతే అది రెండు మూడు నెలల పనే. ఆలోపే వెల్డింగ్ షాపులోనో, మెకానిక్ షెడ్డులోనో, పాల సెంటర్లోనో స్థిరమైనది చూసుకోవాలి. మొదటి నెలలోనే అప్పు చేసి ఆటో కొనడం, ఆవులు కొనడం నాకు నచ్చదు. వాయిదాలు, స్టేషన్ సంతకాలు ఎన్ని రోజులు తింటాయో లెక్క తేలాక కొనండి.

యజమానికి చెప్పాలా వద్దా అని అందరూ అడుగుతారు. చెప్పండి. మీరు చెప్పకపోతే వారంలో ఇంకొకరు వచ్చి, ఉన్నదానికి రెండింతలు కలిపి చెప్తారు. ఒంటరిగా కాకుండా ఆ యజమాని గౌరవించే మనిషి ఒకరిని వెంట తీసుకెళ్లాలి. మా అన్న చెప్పిన తీరు ఇదీ: "అన్నా, కొట్లాట కేసులో లోపలుండి వచ్చినా. శిక్ష అయిపోయింది, కాగితం ఇదిగో. గేట్లు, గ్రిల్లులు చేస్తా. నెల చూడు, నచ్చకుంటే పంపించెయ్." ఏడుపు లేదు, కేసు కథ లేదు. మొదటి ఇద్దరు కుదరదన్నారు. మూడో షెడ్డులో పెట్టుకున్నారు, గల్లాపెట్టె వైపు మాత్రం పోవద్దన్నారు. దానికి నొచ్చుకోకూడదు.

ప్రభుత్వ ఉద్యోగం, పెద్ద కంపెనీ ఫారాల్లో కేసుల గురించి అడిగితే దాచకండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అడిగిన సమాచారం నిజంగా ఇవ్వాలని, దాచితే ఉద్యోగం పోవచ్చని చెప్పింది. నిజం చెప్పినవాళ్ల విషయంలో కేసు తీవ్రత చూసి యజమాని నిర్ణయించాలని కూడా చెప్పింది. 1958 ప్రొబేషన్ చట్టం కింద కోర్టు మందలించో, మంచి నడవడికకు బాండ్ రాయించుకునో వదిలేసినవాళ్లకు ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని అదే చట్టం 12వ సెక్షన్ చెప్తుంది. తీర్పులో ఆ మాట ఉందేమో లాయరుతో చూపించుకోండి.

స్టేషన్, పాత స్నేహాలు

పోలీసులు పేరు మీద తెరిచే నిఘా ఫైలు, అంటే రౌడీ షీట్ గానీ సస్పెక్ట్ షీట్ గానీ ఉంటే ఆదివారం కౌన్సెలింగ్‌కు రమ్మంటారు. వెళ్లడమే మంచిది. వెళ్లిన తేదీ, కలిసిన అధికారి హోదా ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆదివారం పని ఉంటే యజమానితో ఉత్తరం రాయించి, వేరే రోజు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇలాంటి అర్జీలు నేను చాలా టైప్ చేశాను. మర్యాదగా, ఒక పేజీకి మించకుండా ఉంటే చదువుతారు. ఏళ్ల తరబడి కొత్త కేసు లేకపోతే షీట్ మూసేయమని కూడా అర్జీ పెట్టొచ్చు.

ఊళ్లో దొంగతనం జరిగితే ముందు వీళ్ల తలుపే తడతారు, అది మామూలే. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో సాధారణంగా ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. పాత 41ఏ, ఇప్పుడు కొత్త చట్టంలో 35వ సెక్షన్. అరెస్టు చేస్తే ఇంట్లోవాళ్లకు చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అలా జరగకపోతే అరవకండి, స్టేషన్ ముందు గుంపు కట్టకండి. ఎప్పుడు తీసుకెళ్లారో టైముతో రాసిపెట్టి లాయరుకు ఫోన్ చేయండి. సోమవారాల్లో ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్‌లో ఇవ్వండి, రసీదు తీసుకోండి.

శేషాచలం చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పోలీసుల కంటే పెద్ద గండం ఇంకొకటుంది. లోపలున్నప్పుడు లాయరు ఫీజు కట్టింది, ఇంటికి బియ్యం పంపింది ఎర్రచందనం దొంగరవాణాకు కూలీలను పెట్టే మేస్త్రీనే. బయటికొచ్చాక ఆ లెక్క తీసుకొస్తాడు. "ఒక్క ట్రిప్పు, పైలట్‌గా బైకు తోలితే చాలు, అప్పు మాఫీ." పైలట్ అంటే సరుకు బండికి ముందు దారి చూస్తూ పోయేవాడు. ఇందాకటి అప్పుల కాగితంలో ఈ బాకీ కూడా రాయాలి. ఇంట్లో దాచిపెట్టే అప్పు ఇదొక్కటే, మనిషిని మళ్లీ అడవికి లాగేదీ ఇదే. వడ్డీ లేకుండా వాయిదాల మీద కడతామని పెద్దమనుషుల ముందు చెప్పండి. కొత్త ఫోన్ నంబరు ఆ మనుషులకు ఇవ్వకండి. ఆరు నెలలు తిరుపతిలో మేనమామ ఇంట్లో ఉంచి పని చేయించినా మేలే, బెయిల్ షరతులు ఒప్పుకుంటే.

ఊరితో కలవడానికి తొందరపడొద్దు. మా పల్లెల్లో ఎండాకాలం ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. మొదటి ఏడాది చందా ఇంటి పేరు మీద ఇచ్చి, ఆయన హరికథకు వచ్చి ఆడవాళ్లు, ముసలివాళ్ల మధ్య కూర్చుని పోతే చాలు. రాత్రి నాటకానికి మందు తాగినవాళ్లు ఉంటారు, పాత కక్షలు అక్కడే లేస్తాయి. కేసులో అవతలి కుటుంబం అదే ఊళ్లో ఉంటే వాళ్ల వీధిలోంచి నడవడం కూడా కొన్నాళ్లు మానుకోవాలి. రాజీ మాటలు పెద్దల ద్వారానే, అదీ కేసు నడుస్తుంటే లాయర్ని అడిగాకే. సాక్షితో నేరుగా మాట్లాడితే బెయిల్ రద్దు కావచ్చు.

ఆడవాళ్లు తిరిగొస్తే

పైన రాసిందంతా మగవాళ్ల గురించే అయింది, ఎందుకంటే మగవాళ్లకు గేటు దగ్గరికి ఎవరో ఒకరు వస్తారు. కడప మహిళా జైలు నుంచి వచ్చే ఆడవాళ్లలో కొందరికి ఎవరూ రారు. భర్త ఇంకో పెళ్లి చేసుకుని ఉంటాడు, పుట్టింట్లో చెల్లెలి పెళ్లి కాలేదని అన్న వద్దంటాడు. విడుదలకు ముందే ములాఖత్‌లో గానీ, జైలు అధికారి ద్వారా గానీ ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవాలి. ఎవరూ లేకపోతే 181కు ఫోన్ చేయాలి. ఆసరా లేని ఆడవాళ్లకు ప్రభుత్వం నడిపే శక్తి సదన్ వసతి ఉంది. పాత స్వాధార్ పథకంలో జైలు నుంచి వచ్చిన ఆడవాళ్లను పేరు పెట్టి చేర్చారు కూడా. పిల్లలు అత్తగారింట్లో ఉండిపోతే బతిమాలుకుంటూ తిరగకండి. జైలుకు వెళ్లొచ్చినంత మాత్రాన తల్లి హక్కు పోదు. న్యాయ సేవా సంస్థలో ఉచిత లాయర్ని అడిగి కోర్టు ద్వారా చూడటానికైనా అనుమతి తెచ్చుకోండి.

ఓటు, పాస్‌పోర్ట్

లోపలున్నప్పుడు సాధారణంగా ఓటు వేయలేరు, బయటికొచ్చాక వేయొచ్చు. శిక్ష పడిందని ఓటు శాశ్వతంగా పోదు. జాబితాలో పేరు తీసేసి ఉంటే ఫారం 6 పెట్టండి.

పాస్‌పోర్ట్ గురించి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కువైట్ పోవాలనుకునేవాళ్లే, ఈసారి నిజంగానే. నైతిక పతనం కింద వచ్చే (మోసం, దొంగతనం లాంటి) నేరానికి రెండేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడి ఉంటే, ఆ తర్వాత ఐదేళ్ల దాకా పాస్‌పోర్ట్ నిరాకరించవచ్చు. కేసు ఇంకా నడుస్తుంటే, ఆ కేసు ఉన్న కోర్టు నుంచి అనుమతి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఎన్నాళ్లకో ఉత్తర్వులో రాయకపోతే ఒక్క ఏడాదికే పాస్‌పోర్ట్ ఇస్తారు, కాబట్టి పిటిషన్లోనే ఎన్నేళ్లు కావాలో అడిగించండి. ఫారంలో కేసు లేదని టిక్ పెట్టిస్తానని, వెరిఫికేషన్ తానే చూసుకుంటానని ఏజెంట్ అంటే డబ్బు కట్టకండి. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు ఇంకో కేసు పడేది ఏజెంట్ మీద కాదు, సంతకం పెట్టినవాళ్ల మీద.